ఇంటికి పగ్ తెచ్చుకునే ముందు ఒక్క మాట

పిల్లలు అడుగుతారు, నాన్న సరేనంటాడు, చాకిరీ అమ్మ చేస్తుంది. మన ఇళ్ళల్లో కుక్కపిల్ల కథలన్నీ దాదాపు ఇలాగే నడుస్తాయి. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటికి కుక్క రావాలా వద్దా అన్న విషయంలో ఆఖరి ఓటు ఆ ఇంట్లో అందరికంటే ముందు నిద్ర లేచేవాళ్ళది కావాలి. వచ్చేది పగ్ అయితే ఆ ఓటు వేసే ముందు ఇంకాస్త ఎక్కువ ఆలోచించాలి.

ఈ మధ్య నన్ను ఈ విషయం అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. కూరగాయల బండి దగ్గర, లిఫ్టులో, పెళ్ళి భోజనాల్లో పక్క కుర్చీలోంచి కూడా. "మీ ఇంట్లో పగ్ ఉందటగా, మా పాప పుట్టినరోజుకి కొందామనుకుంటున్నామండీ, ఎలా ఉంటుంది?" అంటారు. అడిగే గొంతులో ఉత్సాహం చూస్తే నీళ్ళు చల్లాలనిపించదు. అలాగని "ఆహా, తెచ్చేసుకోండి" అనడానికీ నోరు రాదు. రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మన దేశంలో పగ్‌ని ఇంటింటికీ తెలిసేలా చేసింది 2003లో వచ్చిన హచ్ ఫోను ప్రకటన. ఒక చిన్న పిల్లాడు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెనకాలే బుడుంగు బుడుంగున నడిచే పగ్ గుర్తుంది కదా? ఆ తర్వాత చాలాకాలం మనవాళ్ళు దాన్ని పగ్ అని కూడా అనలేదు, "హచ్ కుక్క" అనే అన్నారు. ఆ ప్రకటన చూసి ముచ్చటపడ్డ పిల్లలే ఇప్పుడు అమ్మానాన్నలయ్యారు. వాళ్ళ మనసులో పగ్ అంటే ఇప్పటికీ అదే బొమ్మ. కానీ ప్రకటనలో కుక్క గురక పెట్టదు, సోఫా నిండా బొచ్చు రాల్చదు, మే నెల మధ్యాహ్నం ఊపిరందక రొప్పదు.

మా ఇంటికి పగ్ మేం కొంటే రాలేదు. మా మరిది వాళ్ళు హైదరాబాదులో పెంచుకున్నారు. వాళ్ళకి అమెరికా ప్రయాణం ఖాయమయ్యాక తెలిసింది, దాన్ని తీసుకెళ్ళడం అంత తేలిక కాదని. చప్పిడి ముక్కు కుక్కలను సామాను గదిలో తీసుకెళ్ళడానికి చాలా విమాన సంస్థలు ఒప్పుకోవు. ఆ వేడికీ, ఆ కంగారుకీ వాటికి ఊపిరాడక ప్రాణం మీదికొస్తుందని భయం. మా తోడికోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుని "అక్కా, మీరైతేనే చూసుకోగలరు" అంది. అలా రెండేళ్ళ వయసులో బెజవాడలో మా మూడో అంతస్తు ఫ్లాటుకి వచ్చాడు. అసలు పేరు బ్రూనో. మా అత్తయ్య నోట్లో అది రెండు రోజుల్లోనే బూరన్న అయింది. ఒంటి రంగూ గుండ్రటి ఆకారమూ చూస్తే ఆ పేరే నప్పింది కూడా. ఇప్పుడు వాడికి ఏడేళ్ళు. ఐదేళ్ళ అనుభవంతో చెప్తున్న మాటలు ఇవి.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ముక్కు గురించి. మనం ముద్దొస్తోందనుకునే ఆ చప్పిడి మొహమే దాని కష్టానికి మూలం. మామూలు కుక్కకి పొడుగాటి మూతిలో అమరాల్సినవన్నీ పగ్‌కి కాస్త చోటులోనే ఇరుక్కుని ఉంటాయి. ముక్కు రంధ్రాలు సన్నగా గీత గీసినట్టు ఉంటాయి. అంగిలి వెనకుండే మెత్తటి భాగం గొంతుకి అడ్డంగా వేలాడుతుంది. ఇక గాలి లోపలికి పోవాలంటే ప్రతిసారీ కాస్త బలం పెట్టి లాగాల్సిందే. రాత్రి మన పక్కగదిలో వినిపించే ఆ గురక వినడానికి సరదాగానే ఉంటుంది. "అచ్చం మామయ్యలాగే గురక పెడుతున్నాడు" అని మా అత్తయ్య మొదట్లో నవ్వేది. మెలకువగా ఉన్నప్పుడు, ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆ చప్పుడు వస్తోందంటే అది ముచ్చట పడాల్సిన సంగతి కాదు, డాక్టరుకి చూపించాల్సిన సంగతి. అవసరమైతే ముక్కు రంధ్రాలు వెడల్పు చేసే ఆపరేషన్, అంగిలి కత్తిరించే ఆపరేషన్ కూడా చేస్తారు.

దీనికి మన ఎండలు తోడైతే ఏమవుతుందో చూడండి. మనకి వేడి చేస్తే ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడుతుంది. కుక్కకి ఆ వీలు లేదు. పాదాల అడుగున కొద్దిగా తప్ప దానికి చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాను. ఊపిరి తీయడమే కష్టమైన పగ్‌కి ఆ ఫ్యాను సరిగ్గా తిరగదు. చలిదేశంలో దాని పాట్లు దానికి ఉంటాయేమో గానీ, బెజవాడలోనో, రామగుండంలోనో, రెంటచింతలలోనో పగ్‌ని పెంచడమంటే ఏటా మూడు నెలలు దాని ఊపిరికి కాపలా కాయడమే.

మూడేళ్ళ కిందట రోహిణీ కార్తెలో ఒక మధ్యాహ్నం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఒంటిగంటన్నర వేళ. ఇంట్లో నేనూ అత్తయ్యా మాత్రమే. అరగంట గడిచేసరికి బూరన్న రొప్పే చప్పుడు మారిపోయింది. మామూలు "హా హా" కాదు, గొంతులో రంపం కోస్తున్నట్టు. నోట్లోంచి చిక్కటి చొంగ. నాలుక ఎరుపు పోయి నల్లబడుతున్నట్టుంది. లేవమంటే కాళ్ళు తడబడ్డాయి. బాత్రూంలోకి పరుగెత్తి పంపు తిప్పితే పైన ట్యాంకులోంచి సలసల కాగే నీళ్ళు వచ్చాయి. వేసవి మధ్యాహ్నం మన పంపుల్లో వచ్చేది అదే కదా. అప్పుడు గుర్తొచ్చింది అత్తయ్య మట్టికుండ. ఆ నీళ్ళు వాడి పొట్ట మీద, తొడల సందుల్లో, పాదాల మీద పోశాను. అత్తయ్య తాటాకు విసనకర్ర తీసుకుని ఆపకుండా విసిరింది. డెబ్భై రెండేళ్ళ మనిషి, చెయ్యి మార్చుకుంటూ విసిరింది. కింద ఆటో పిలిచి, దార్లో కూడా సీసాలో నీళ్ళు పోస్తూనే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడ చూస్తే జ్వరం 105. కుక్కల ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 దాకా ఉంటుంది, 104 దాటితే ప్రమాదం. "ముందు తడిపి తర్వాత బయల్దేరారు కాబట్టి దక్కాడమ్మా" అన్నారు డాక్టరు.

ఆ మాట మీరూ గుర్తుపెట్టుకోండి. ఎండదెబ్బ తగిలిన కుక్కని ముందు చల్లబరచాలి, తర్వాత ఆస్పత్రికి పరుగెత్తాలి. చల్లటి నీళ్ళు ఒంటిమీద పోసి గాలి తగిలేలా చూడాలి. తడి తువ్వాలు చుట్టి ఉంచకూడదు, లోపలి వేడి బయటికి పోదు. నీళ్ళు తాగగలిగితే కొద్దికొద్దిగా పట్టాలి, నోరు తెరిచి బలవంతంగా పోయకూడదు. ఆ ఏడాదే ఇన్వర్టరు కొన్నాం. ఇప్పుడు మార్చి మొదలు జూన్ దాకా వాడి షికారు పొద్దున ఆరింటిలోపు, రాత్రి ఎనిమిది దాటాక. బయటికి తీసుకెళ్ళే ముందు నా అరచేతిని తారురోడ్డు మీద ఆనించి చూస్తాను. ఐదు సెకన్లు ఉంచలేకపోతే వాడి పాదాలూ ఉంచలేవని అర్థం. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు హాల్లో ఏసీ వాడి కోసం నడుస్తుంది. కరెంటు బిల్లు చూసి మావారు నిట్టూరుస్తారు, కానీ ఆపమని మాత్రం అనరు.

ఇక రోజువారీ పని. ఒకసారి వారం రోజులపాటు గడియారం చూసి మరీ లెక్కేశాను. రోజుకి గంటన్నర. అందులో మొదటిది మొహం. పగ్ ముక్కు మీది ముడతల్లో తడి చేరితే ఒరుసుకుపోయి, ఎర్రబడి, వాసన వస్తుంది. పొద్దున్నే మెత్తటి గుడ్డ తడిపి ముడతలోకి వేలు పోనిచ్చి తుడవాలి, వెంటనే పొడిగుడ్డతో మళ్ళీ తుడవాలి. తుడవడం కంటే ఆరబెట్టడం ముఖ్యం. పౌడర్లు చల్లకూడదు, కళ్ళలో పడతాయి.

కళ్ళ సంగతి ఇంకా సున్నితం. ఆ పెద్ద పెద్ద కళ్ళు గూట్లో లోతుగా ఉండవు, బయటికి పొడుచుకుని ఉంటాయి. తులసికోట కొమ్మ గుచ్చుకున్నా, పిల్లి గోరు తగిలినా, ఆఖరికి వాడి ముడత వెంట్రుకే రాసుకున్నా నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. కన్ను చికిలిస్తున్నా, నీరు కారుతున్నా "రేపు చూద్దాం" అనడానికి లేదు, ఆ రోజే డాక్టరు దగ్గరికి. మెడకి పట్టీ కట్టి గొలుసుతో లాగడం కూడా పనికిరాదు. గొంతు నొక్కుకుంటుంది, కళ్ళ మీద ఒత్తిడి పడుతుంది. ఛాతీ చుట్టూ వేసే హార్నెస్సే వాడాలి.

బొచ్చు గురించి ఎవరూ ముందు చెప్పరు. "పొట్టి వెంట్రుకలు కదా, ఏం రాలుతుందిలే" అనుకుంటాం. పగ్ బొచ్చు ఏడాది పొడుగునా రాలుతుంది. సూదుల్లాంటి ఆ పొట్టి వెంట్రుకలు దుప్పట్లలోకి, ఊడ్చే చీపుట్లోకి, మావారి ఆఫీసు ప్యాంటు మీదికి, ఒక్కోసారి ఇడ్లీపిండి గిన్నె అంచు దాకా వస్తాయి. రోజూ దువ్వితే సగం తగ్గుతుంది. మిగతా సగంతో మనం రాజీపడాలి. ఇల్లు అద్దంలా ఉండాలనుకునేవాళ్ళు పగ్ జోలికి పోకపోవడమే మంచిది. ఇంట్లో ఆయాసం, దుమ్ము పడని తత్వం ఉన్నవాళ్ళుంటే ముందు పగ్ ఉన్న ఇంట్లో ఒక పూట కూర్చుని చూసుకోండి.

తిండి దగ్గరికొస్తే, పగ్ కడుపు నిండటం నేనింతవరకు చూడలేదు. వాడి చూపు చూస్తే వారం రోజులుగా పస్తున్నాడనుకుంటారు. మా అత్తయ్యకీ నాకూ నడిచిన ఏకైక యుద్ధం దీని మీదే. "నోరులేని జీవం, చేత్తో ఒక ముద్ద పెడితే ఏం పోయింది అమ్మాయ్?" అనేది. పెరుగన్నం ముద్ద, పూరీ ముక్క, బిస్కెట్టు అంచు. ఆవిడ ప్రేమని తప్పుపట్టలేం. కానీ పగ్ బరువు మామూలుగా ఆరు నుంచి ఎనిమిది కిలోల మధ్య ఉండాలి. మావాడు పదకొండుకి చేరాడు. ఒళ్ళు పెరిగితే గొంతు చుట్టూ కొవ్వు చేరుతుంది, అసలే ఇరుకైన దారి ఇంకా ఇరుకవుతుంది, మోకాలి చిప్పలు పక్కకి జారతాయి. డాక్టరు చెప్పింది అత్తయ్యకి ఆవిడ భాషలో చెప్పాను: "అత్తయ్యా, మీరు పెట్టే ముద్ద వాడి గొంతుకి అడ్డం పడుతోంది." ఆ తర్వాత ఆవిడే కీరదోస ముక్కలు తరిగి పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఏడాదికి ఎనిమిదిన్నరకి వచ్చాడు.

ఇంకో మాట, ఇది మన వంటిళ్ళకి ప్రత్యేకం. "మనం తినగా మిగిలింది పెడితే సరిపోతుంది, దానికి వేరే ఖర్చేముంది" అంటారు చాలామంది. మన కూరల్లో ఉల్లిపాయ, వెల్లుల్లి లేనిదేది? ఆ రెండూ కుక్క రక్తంలోని ఎర్రకణాలని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలకి ప్రమాదం. అంటే పరమాన్నంలో ఏరి పక్కన పెట్టిన కిస్‌మిస్ కూడా కింద పడకూడదు. చాక్లెట్ అయితే సరేసరి. ఏ పూటకి ఆ పూట వాడికి ఉప్పూకారం లేకుండా చికెనూ అన్నమూ గుమ్మడికాయా ఉడకబెట్టాలి, లేదా డాక్టరు చెప్పిన గింజల తిండి కొలిచి పెట్టాలి. ఏదైనా అదనపు పనే, అదనపు ఖర్చే. తిండి, గోమార్లు పట్టకుండా మందు, నులిపురుగుల మందు, ఏటా వేయించే రేబిస్ సూది, మిగతా టీకాలు, చెవి, కన్ను, చర్మం అంటూ వెళ్ళే ఆస్పత్రి ఖర్చు, అన్నీ కలిపి నెలకి సగటున నాలుగు వేలు తేలుతోంది మాకు. అందులో ఏసీ కరెంటు కలపలేదు.

ఇక పండక్కి ఊరెళ్ళాలంటే? సంక్రాంతికి మా పుట్టిల్లు వెళ్ళేముందు బట్టలకంటే ముందు ఆలోచించేది బూరన్నని ఎక్కడ ఉంచాలన్నదే. పగ్ ఒంటరిగా ఉండలేదు. మనిషి కావాలి దానికి. ఇంట్లో అందరూ ఉద్యోగాలకీ చదువులకీ వెళ్ళిపోయి, పదిగంటలు తాళం వేసి ఉండే ఇల్లయితే పగ్‌ని తేవడం దాన్ని శిక్షించడమే.

ఇంత చెప్తున్నారు, మరి మీరెందుకు ఉంచుకున్నారండీ అని అడగొచ్చు. అడగాలి కూడా.

పొద్దున తొమ్మిదిన్నర తర్వాత మన ఇల్లు ఎలా ఉంటుందో మనకే తెలుసు. క్యారేజీలు వెళ్ళిపోతాయి, స్కూలు బస్సు వెళ్ళిపోతుంది, అప్పటిదాకా రైల్వే స్టేషన్‌లా ఉన్న ఇల్లు ఒక్కసారిగా బావురుమంటుంది. ఆ నిశ్శబ్దంలో నా వెనకాలే ఎనిమిది గోళ్ళ చప్పుడు, కాదు, నాలుగు పాదాల చప్పుడు. వంటింట్లో ఉంటే గడప మీద, పెరట్లో లేదు కదా, బాల్కనీలో బట్టలారేస్తుంటే బకెట్టు పక్కన. నేనెక్కడుంటే అక్కడ. పగ్‌ని వేటకో, గొర్రెల కాపలాకో పెంచలేదు మనుషులు. పూర్వం చైనా రాజభవనాల్లో ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికే పెంచారు. అక్కడి నుంచి డచ్చి వర్తకుల ఓడల్లో ఐరోపాకి వెళ్ళింది, విక్టోరియా రాణి కూడా పెంచుకుంది. తరతరాలుగా దానికి వచ్చిన పని ఒకటే, మనిషిని అంటిపెట్టుకుని ఉండటం. ఆ పని మాత్రం మనసు పెట్టి చేస్తుంది. దొంగొస్తే అరవదు, తోక ఊపుతూ సోఫా చూపిస్తుంది, అది వేరే సంగతి.

మామయ్యగారు పోయాక అత్తయ్య మధ్యాహ్నాలు గోడవైపు తిరిగి పడుకునేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. బూరన్న వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర చేరాక మాటలు మొదలయ్యాయి. మాతో కాదు, వాడితో. పెళ్ళైన కొత్తలో కాపురం, గోదావరి వరదలు, పిల్లల పురుళ్ళు, అన్నీ వాడికి చెప్పింది. మేం చాటుగా విన్నాం. ఐదేళ్ళ చాకిరీ ఒకపక్క, ఆ మధ్యాహ్నాలు ఒకపక్క పెట్టి తూచమంటే నాకు త్రాసు చేతకాదు.

కాబట్టి వాడంటే ఇష్టం లేక చెప్తున్న మాటలు కావు ఇవి. ఇష్టం ఉండబట్టే చెప్తున్నాను: ఇలాంటి మొహంతో ఇంకా ఇంకా కుక్కల్ని పుట్టించమని మనం డబ్బిచ్చి అడగకూడదు. ఇంగ్లండులో హోగార్త్ అనే చిత్రకారుడు 1745లో తన బొమ్మ తనే గీసుకుంటూ పక్కన తన పెంపుడు పగ్‌ని కూడా గీశాడు. ఆ బొమ్మలో పగ్‌కి చక్కగా మూతి ఉంది. ఇప్పటి పగ్‌లా గోడకి గుద్దుకున్నట్టు లేదు. మొహం చప్పగా ఉంటేనే అందమని తరతరాలుగా అలాంటివాటినే ఎంచి జత కలిపి ఇక్కడికి తెచ్చారు మనుషులు. ఇంగ్లండులోని రాయల్ వెటర్నరీ కాలేజీవాళ్ళు 2022లో చెప్పిన లెక్క ప్రకారం, ఏడాదిలో ఏదో ఒక జబ్బు పాలయ్యే అవకాశం మిగతా కుక్కలకంటే పగ్‌లకి దాదాపు రెండింతలు. మూతి మరీ పొట్టిగా ఉన్న కుక్కలతో పిల్లల్ని పుట్టించడాన్ని నెదర్లాండ్స్‌లో నిషేధించారు. ఈనే సమయంలో కూడా పిల్లల తలలు పెద్దవై చాలా పగ్‌లకి ఆపరేషనే దిక్కు. పురిటినొప్పులు తెలిసిన ఆడవాళ్ళం, ఏటేటా ఒక తల్లికుక్క కడుపు కోసి తీసిన పిల్లని పుట్టినరోజు కానుకగా కొనే ముందు ఒక్క క్షణం ఆగలేమా?

మా ఎదురింటావిడ ఈ మాటకి గట్టిగానే జవాబిచ్చింది. "మీరు ఒళ్ళో పెట్టుకుని ముద్దుచేస్తూ, మమ్మల్ని వద్దనడం ఏం న్యాయమండీ?" అంది. ఆవిడ మాటలో బలం ఉంది. బూరన్నని చూసి మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలందరికీ పగ్ మీద ఆశ పుట్టిందన్నదీ నిజమే. నేను చెప్పింది ఇంతే. పుట్టిన పగ్‌ని ప్రేమగా చూడటం వేరు, కొత్త పగ్‌ని ఆర్డరిచ్చి పుట్టించడం వేరు. ఇల్లు మారారనో, వైద్యానికి డబ్బు లేకనో, పాపాయి పుట్టిందనో వదిలేసిన పెద్ద పగ్‌లు ప్రతి ఊళ్ళోనూ ఉంటున్నాయి. జంతు సంరక్షణ కేంద్రాల్లో అడగండి. అలాంటిదాన్ని తెచ్చుకుంటే దాని గుణమూ తెలుస్తుంది, జబ్బులూ ముందే తెలుస్తాయి, ఒక ప్రాణం నిలుస్తుంది. పగ్గే కావాలన్న పట్టు లేకపోతే మన వీధి కుక్కపిల్లని మించింది లేదు. మన ఎండలకి తట్టుకునే ఒళ్ళు, ఊపిరాడే ముక్కు దాని సొంతం. తెలివిలో పగ్‌కి పాఠాలు చెప్తుంది.

ఆవిడ ఇంకా ఆలోచిస్తోంది. వాళ్ళాయన మాత్రం కొనేద్దామనే అంటున్నాడట.

ఇంత విన్నాక కూడా కొంటామనేవాళ్ళుంటే, కనీసం ఇవి చూసుకోండి. తల్లికుక్కని చూపించనివాళ్ళ దగ్గర కొనకండి. రెండు నెలలు నిండని పిల్లని తీసుకోకండి. పిల్ల ముక్కు రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయా, సన్నటి గీతల్లా ఉన్నాయా చూడండి. కాసేపు ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని దాని ఊపిరి వినండి. ఉన్నవాటిలో మూతి కాస్త పొడుగ్గా ఉన్నదాన్ని, నలుగురూ "ఇది అంత ముద్దుగా లేదే" అన్నదాన్ని ఎంచుకోండి. దానికే హాయిగా బతికే అవకాశం ఎక్కువ.

అంతకంటే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక కాగితం మీద పనులు రాయండి. మా ఫ్రిజ్ మీద అలాంటి కాగితం ఉంది. పొద్దున షికారు మావారిది. రాత్రి షికారు, మలం ఎత్తడం ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయిది. ఆదివారం స్నానం, గోళ్ళు కత్తిరించడం ఇంటర్ చదివే మా అమ్మాయిది. కీరదోస శాఖ అత్తయ్యది. మొహం, కళ్ళు, తిండి, మందులు నావి. పరీక్షలున్నాయి, మీటింగు ఉంది అంటే పని మార్చుకోవచ్చు గానీ, చెప్పకుండా నా మీద వదిలేయడానికి లేదు. మొదట్లో మూలుగుళ్ళు వినిపించాయి. ఇప్పుడు వర్షం పడుతున్నా మా అబ్బాయి గొడుగేసుకుని కిందికి తీసుకెళ్తాడు. పెంపుడు జంతువు పిల్లలకి బాధ్యత నేర్పుతుందంటారు. దానంతట అది నేర్పదు. అమ్మ అన్నీ చేసేస్తుంటే అది పిల్లలకి నేర్పేది ఒకటే, అమ్మ అన్నీ చేస్తుందని.

పగ్ పన్నెండు, పదమూడేళ్ళు బతుకుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇప్పుడు ముచ్చటపడి అడిగిన మూడో తరగతి పాప, అది ముసలిదయ్యేసరికి హాస్టల్లోనో, పై చదువుల కోసం పరాయి ఊళ్ళోనో ఉంటుంది. అప్పుడు దాని కళ్ళకి మందు వేసేదెవరు, రాత్రి ఊపిరందకపోతే లేచేదెవరు అన్నది ఇవాళే అడగాల్సిన ప్రశ్న. జవాబు "నేనే" అయితే, నిర్ణయం కూడా మీదే కావాలి. "సరే, చూద్దాంలే" అని నసగొద్దు. చేస్తానన్నా, చెయ్యలేనన్నా గట్టిగా అనండి. చెయ్యలేను అన్న అమ్మకి ప్రేమ లేదని ఎవరూ అనకూడదు. ఆ కుక్కకి ఏం కావాలో ఆ ఇంట్లో సరిగ్గా ఆలోచించింది ఆవిడొక్కతే కావచ్చు.